టర్బో గాలి తీసుకునే బ్రేకు కంప్రెషర్: ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడ వెతకాలి

లారీ బ్రేకులకు గాలి నింపే కంప్రెషర్ ఆ గాలిని రెండు చోట్ల నుంచి తీసుకోవచ్చు. ఎయిర్ ఫిల్టర్‌కూ టర్బోకూ (ఇంజిన్‌కు గాలిని ఒత్తి పంపే యంత్రం) మధ్య ఉన్న పైపు నుంచి తీసుకుంటే అది మామూలు గాలి. టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రెండూ దాటాక మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) దగ్గర తీసుకుంటే అప్పటికే ఒత్తిడి ఎక్కిన గాలి. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించేది మొదటి రకం. అమెరికా లారీల్లో రెండో రకమూ చాలానే ఉంది.

లాభం లెక్కలోనే తెలుస్తుంది. ట్యాంకును 125 పీఎస్‌ఐకి, అంటే 8.6 బార్‌కు నింపాలంటే మామూలు గాలిని తొమ్మిదిన్నర రెట్లు నొక్కాలి. 1 బార్ బూస్ట్ (టర్బో అదనంగా ఎక్కించిన ఒత్తిడి) ఉన్న గాలినైతే ఐదు రెట్లలోపు నొక్కితే చాలు. ఒక్కో స్ట్రోక్‌కు లోపలికి వచ్చే గాలి బరువు కూడా రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. అయితే ఈ ఏర్పాటుతో కొత్త లీకు దారులు కూడా వస్తాయి. అవి తెలియక బాగున్న కంప్రెషర్‌నే విప్పి పక్కన పెడుతుంటారు.

పని మొదలుపెట్టే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజిన్ ఆపండి. గాలి ప్రెషర్‌తో చేసే పరీక్షలకు తప్ప మిగతా పనికి ట్యాంకులన్నీ ఖాళీ చేయండి. ట్యాంకులు ఖాళీ అయినా డ్రయ్యర్ (గాలిలోని తేమ తీసే డబ్బా) లోపల గాలి నిలిచి ఉండొచ్చు. దాని పైపులు మెల్లగా వదులు చేయాలి.

ఐడిల్‌లో ప్రెషర్ మెల్లగా ఎక్కుతోంది

ఇక్కడ టర్బో వైపు చూడకండి. ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, బూస్ట్ దాదాపు ఉండదు కాబట్టి మానిఫోల్డ్ నుంచి కంప్రెషర్‌కు గాలి తెచ్చే హోస్ పైపు (టాపింగ్ హోస్) బాగున్నా పాడైనా పెద్ద తేడా రాదు. ముందు లీకు కొలవండి. ఇంజిన్ ఆపి, బ్రేకులు వదిలి గేజ్ చూడండి. ఒంటరి బండికి నిమిషానికి 2 పీఎస్‌ఐ, ట్రైలర్ తగిలించిన బండికి 3 పీఎస్‌ఐ మించి పడకూడదు. పెడల్ నొక్కి పట్టినప్పుడు ఈ హద్దులు 3, 4 అవుతాయి. మించితే సబ్బు నీళ్లతో వెతకాలి.

లీకు లేకపోతే ఇంజిన్‌ను పని వేగంలో నడిపి 85 నుంచి 100 పీఎస్‌ఐకి ఎంతసేపట్లో వస్తుందో చూడండి. రెండు సర్క్యూట్ల బండికి అమెరికా డ్రైవర్ పరీక్షలో అడిగేది 45 సెకన్లు. ట్యాంకులు పెద్దవైతే కాస్త ఎక్కువ పట్టవచ్చు. ఇక్కడ కూడా ఆలస్యమైతే కంప్రెషర్ డెలివరీ పైపు విప్పి మొదటి వంపులో చూడండి. లోపల మసి 1.5 మిల్లీమీటర్ల మందాన పేరుకుంటే గోకి శుభ్రం చేయడం కన్నా పైపు మార్చడం మేలు.

ఎక్కుడులో పుల్లింగ్ పోతోంది, డ్రయ్యర్ కింద గాలి ఆగడం లేదు

టర్బో గాలి వాడే బండ్లకే ప్రత్యేకమైన జబ్బు ఇది. ప్రెషర్ పైహద్దుకు చేరగానే గవర్నర్ (ప్రెషర్‌ను అదుపు చేసే వాల్వు) కంప్రెషర్‌ను అన్‌లోడ్ చేస్తుంది, అంటే గాలి నొక్కకుండా ఖాళీగా తిరగనిస్తుంది. ఇన్‌లెట్ వాల్వులు తెరుచుకునే ఉంటాయి, డ్రయ్యర్ కింద తేమను బయటికి ఊదే పర్జ్ వాల్వు కూడా తెరుచుకుంటుంది. ఇక మానిఫోల్డ్‌లోని బూస్ట్ కంప్రెషర్ గుండా డెలివరీ పైపులోకి, అక్కడి నుంచి పర్జ్ రంధ్రం ద్వారా బయటికి పోవచ్చు. ఇంజిన్‌కు అందాల్సిన గాలి అలా రోడ్డు పాలవుతుంది. దాన్ని ఆపడానికే బెండిక్స్ కంపెనీ ఏడీ-9 లాంటి డ్రయ్యర్లలో టర్బో కట్-ఆఫ్ వాల్వు పెట్టారు. దాని ఓ-రింగు అరిగినా, సీటు మీద మసి పడ్డా అది పూర్తిగా మూసుకోదు.

గుర్తు: గాలి గేజ్ పైహద్దులో ఉన్నప్పుడే బండి లాగదు, నల్ల పొగ వస్తుంది. నాలుగుసార్లు పెడల్ తొక్కి గాలి తగ్గించి కంప్రెషర్ మళ్లీ లోడ్ అయ్యేలా చేస్తే పుల్లింగ్ కొంత తిరిగి వస్తుంది. గేజ్ ఎక్కడున్నా పుల్లింగ్ లేకపోతే మామూలు బూస్ట్ లీకు కోసం వెతకండి. టాపింగ్ హోస్ క్లిప్పు నుంచి మొదలుపెట్టండి.

కట్-ఆఫ్ వాల్వును ఇలా ఖాయం చేసుకోవచ్చు. ప్రెషర్ పైహద్దుకు చేరి డ్రయ్యర్ ఊదిన వెంటనే ఇంజిన్ ఆపండి. అర నిమిషం వరకు గాలి రావడం మామూలే. ఆ తర్వాత కూడా వస్తూ, ట్యాంకు ప్రెషర్ పడుతుంటే తప్పు చెక్ వాల్వుది (గాలిని ఒకే వైపు పోనిచ్చేది), ట్యాంకు గాలి వెనక్కి వస్తోంది. చప్పుడు ఆగిపోతే టాపింగ్ హోస్‌ను మానిఫోల్డ్ దగ్గర విప్పి, రెగ్యులేటర్ పెట్టి షాపు గాలిని 1 బార్ మించకుండా కంప్రెషర్ వైపు పంపండి. గవర్నర్ ఇంకా అన్‌లోడ్‌లోనే ఉంటుంది కాబట్టి పర్జ్ దగ్గర గాలి రాకూడదు. వస్తే కట్-ఆఫ్ వాల్వు కిట్ మార్చాలి. కొత్తది వేసే ముందు బోరు తుడవండి, డెలివరీ పైపులో మసి కూడా చూడండి. మసి అక్కడే ఉంటే కొత్త వాల్వు సీటు కూడా అలాగే పాడవుతుంది.

ఒక హెచ్చరిక. కంప్రెషర్‌లో అన్‌లోడర్ (ఇన్‌లెట్ వాల్వులను తెరిచి పట్టే పిస్టన్లు) లేకుండా, పైహద్దు తర్వాత గాలిని డ్రయ్యర్ ద్వారా బయటికి వదిలేసే పద్ధతి కూడా ఉంది. అలాంటి బండిలో ఇంజిన్ నడుస్తుండగా ఊదడం ఆగకపోవడం దోషం కాదు.

డ్రయ్యర్‌లోకి, ట్యాంకుల్లోకి ఆయిల్ వస్తోంది

కంప్రెషర్ రింగులు పోయాయని వెంటనే తీర్పు ఇవ్వకండి. ముందు ఇన్‌లెట్ హోస్ విప్పి లోపల వేలు పెట్టి చూడండి. అక్కడే ఆయిల్ కారుతుంటే అది పైనుంచి వచ్చింది. టర్బో కంప్రెషర్ వైపు సీల్, టర్బో ఆయిల్ వెనక్కి పోయే పైపు, క్రాంక్‌కేస్ బ్రీదర్ చూడాలి. పలచని తడి మాత్రం మామూలే. ఇన్‌లెట్ పొడిగా ఉండి డెలివరీ వైపు తడిగా ఉంటేనే కంప్రెషర్ మీద అనుమానం. అప్పుడు కూడా రింగుల కన్నా ముందు మూడు చూడండి: కంప్రెషర్ హెడ్‌కు కూలెంట్ తిరుగుతోందా, ఆయిల్ ఇంజిన్‌లోకి వెనక్కి దిగుతోందా, కంప్రెషర్ ఎంతసేపు లోడ్‌లో ఉంటోంది. హైవే మీద నాలుగో వంతు సమయం కన్నా ఎక్కువ లోడ్‌లో ఉంటే ఎక్కడో గాలి కారుతోంది. ఆ వేడికే ఆయిల్ పైకి వచ్చి మసి అవుతుంది.

టాపింగ్, అంటే కంప్రెషర్‌కు గాలి తీసుకునే చోటు, ఎక్కడుందో కూడా చూడండి. ఇంటర్‌కూలర్‌కు ముందు పెడితే మరిగే గాలి వస్తుంది. ఈజీఆర్ పొగ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్) కలిశాక పెడితే బూడిద వస్తుంది.

అన్‌లోడ్‌లో కంప్రెషర్ ఇన్‌లెట్ దగ్గర బుస్సుమంటోంది

అన్‌లోడర్ పిస్టన్ల ఓ-రింగులు పోయాయి. గవర్నర్ గాలి ఇన్‌లెట్‌లోకి జారుతోంది. కిట్ వేయాలి. కంప్రెషర్ మాటిమాటికీ లోడ్ అవుతుండటం కూడా దీని గుర్తే.

మామూలు గాలి బండిని టర్బో గాలికి మార్చవచ్చా?

హోస్ మార్చినంత తేలిక కాదు. ఇన్‌లెట్ దగ్గర ఆ కంప్రెషర్ మోడల్ ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో తయారీదారు ఇచ్చిన హద్దు చూడాలి. డ్రయ్యర్‌లో టర్బో కట్-ఆఫ్ ఉండాలి. లేకపోతే పైన చెప్పిన పుల్లింగ్ జబ్బును చేతులారా తెచ్చుకున్నట్టే.