మీ ఇంటిపేరు ఏ ఊరిది? విప్పి చూసే పద్ధతి

తెలుగు మాస్టారుగా ముప్పై ఏళ్లు హాజరు పట్టీ పిలిచాను. పిలిచీ పిలిచీ నాకో జబ్బు పట్టుకుంది. ఎవరైనా పరిచయమైతే, ఎలా ఉన్నారని అడగడం కంటే ముందు వాళ్ల ఇంటిపేరు విప్పి చూడాలనిపిస్తుంది. ఆ విప్పడం ఎలాగో చెప్తాను. పెద్ద పాండిత్యం అక్కర్లేదు. కాస్త వ్యాకరణం, ఇంట్లో ఒక పెద్దావిడ, ఒక మ్యాపు ఉంటే చాలు.

ముందు పేరుని తెలుగులో రాయండి. నవ్వకండి, ఆధార్ కార్డులోని ఇంగ్లీషు స్పెల్లింగు పట్టుకుని వెతికేవాళ్లే ఎక్కువ. అందులో ట, త ఒకటైపోతాయి, ల, ళ ఒకటైపోతాయి, దీర్ఘాలు గాలికి పోతాయి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లు ఆ పేరు ఎలా పలుకుతారో విని, అలాగే రాయండి.

ఇప్పుడు పేరు చివర చూడండి. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరి పేరే. కాకపోతే షష్ఠీ విభక్తిలో ఉంటుంది. 'కందుకూరి వాళ్లు' అంటే కందుకూరు నుంచి వచ్చినవాళ్లు. 'వాళ్లు' రాలిపోయి 'కందుకూరి' మిగిలింది. దాన్ని వెనక్కి తిప్పడమే మన పని. చివర 'ఊరి' ఉంటే 'ఊరు' చేయండి: టంగుటూరి అంటే టంగుటూరు, వేమూరి అంటే వేమూరు. 'పాటి' ఉంటే 'పాడు': గరికపాటి అంటే గరికపాడు. నాడు – నాటి, ఏడు – ఏటి అయినట్టే ఇదీ. 'వరపు' ఉంటే 'వరం'. పల్లి, లంక, కొండ లాంటివి మారవు, వాటిని అలాగే వదిలేయండి.

'పాడు' అనగానే మొహం ముడుచుకోవద్దు. "మా ఊరు ఎప్పుడు పాడైపోయింది మాస్టారూ?" అని ఒక పిల్లాడు బెంగగా అడిగాడోసారి. ఊళ్ల పేర్ల చివర వచ్చే పాడు అంటే ఊరు, నివాసం అనే అర్థం. పాత మాట, అంతే.

అన్నీ ఊళ్లే కావు. చివర శెట్టి, రాజు, బోయిన, నేని ఉంటే ముందున్న ముక్క తరచుగా మనిషి పేరే. ఆ వంశంలో పేరు మోసిన తాత ఎవరో అయ్యుంటాడు. కొన్ని ఇంటిపేర్లు మామూలు మాటలు. పొట్టి శ్రీరాములు గారు పొట్టిగా ఉండేవారా అని ఏటా ఒకరైనా అడిగేవారు. అది ఆయన ఇంటిపేరు నాయనా అని ఏటా చెప్పేవాణ్ణి. మాట అర్థం తెలియకపోతే 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు చూడండి. ఆంధ్రభారతి సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు.

ఒకే ఊరి నుంచి వచ్చిన నాలుగు కులాలవాళ్లకూ ఒకే ఇంటిపేరు ఉండొచ్చు. కాబట్టి ఇంటిపేరుతో కులం లెక్కలు వేయకండి. గోత్రం సంగతి వేరే, దాన్ని ఇందులో కలపొద్దు.

ఊరు దొరికిందని అప్పుడే సంబరపడొద్దు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒకే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి. మా ఇంటిపేరు గోరంట్ల. గోరంట మొక్కలున్న చోటు కాబోలు. మేముండేది గుంటూరు, పక్కనే గోరంట్ల ఉంది. ఇంకేం, మాది అదే అని ఇంట్లో అందరూ తీర్మానించేశారు. నాకే అనుమానం. ఉన్న ఊళ్లో ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు కదా! ఊరు వదిలి ఇంకో చోటికి వెళ్లాకే అది ఇంటిపేరవుతుంది. కందుకూరి వీరేశలింగం గారు 1848లో పుట్టింది రాజమండ్రిలో. వాళ్ల పూర్వీకులు ఎక్కడో దక్షిణాన ఉన్న కందుకూరు నుంచి వచ్చారు గనకే ఆ పేరు.

ఇలాంటప్పుడు పెట్టిన పేర్లు పనికొస్తాయి. మీకు తెలిసినంతవరకూ తాతలు, ముత్తాతల పేర్లు వరసగా రాయండి. వెనకటివాళ్లు ఎక్కువగా మొక్కుకున్న దేవుడి పేరే పెట్టేవాళ్లు, ఆ దేవుడికి ఒక చోటుంటుంది. యాదయ్య అంటే యాదగిరిగుట్ట, అప్పలస్వామి అంటే సింహాచలం, పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి, కోటయ్య అంటే కోటప్పకొండ, పెంచలయ్య అంటే పెంచలకోన, ఓబులేసు అంటే అహోబిలం. దర్గాకు మొక్కుకుని మస్తానయ్య అని పెట్టుకున్న హిందువుల ఇళ్లు మా వైపు బోలెడు. పెంటయ్య అని ఉంటే మాత్రం గుడి వెతక్కండి. ముందు పుట్టిన పిల్లలు దక్కక, ఈ బిడ్డనైనా యముడు చూడకూడదని పెట్టిన పేరది.

మా నాయనమ్మ పెట్టెలో ఒక పాత ప్రామిసరీ నోటు దొరికింది. మడత పెట్టినచోట చిరిగి, బియ్యం పురుగుల వాసన. అందులో మా ముత్తాత పేరు, కింద 'కదిరప్ప కుమారుడు' అని. గుంటూరులో కదిరప్ప ఏమిటి? అయ్యలు ఉండే చోట ఈ అప్ప ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు? కదిరి నరసింహస్వామి పేరది. మ్యాపు తీస్తే శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరీ ఉంది, ఇంకో గోరంట్లా ఉంది. ఇంటిపేరు ఒక చుక్క, పెట్టిన పేరు ఇంకో చుక్క. రెండూ దగ్గరగా పడితే మీ ఊరు దాదాపు దొరికినట్టే.

దాదాపు అనే అన్నాను. రూఢి చేసుకోవాలంటే కాగితాలు చూడండి: పాత దస్తావేజుల్లో 'ఫలానా గ్రామ కాపురస్తులు' అని ఉంటుంది, తెలంగాణవాళ్లకైతే 1954–55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు ఉంది. ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయతుల్లో, అంటే ఊళ్ల చరిత్రల్లో, మీ ఊరుంటే అదృష్టమే. కాగితాలకంటే ముందు మాత్రం ఇంట్లో పెద్దావిడను ఒక్క ప్రశ్న అడగండి: "మన ఇంటిపేరువాళ్లలో ఎక్కడివాళ్లు పోతే మనకు మైల?" చుట్టరికం తెగినా మైల గుర్తుంటుంది. మా మేనత్త తడుముకోకుండా, "సీమ నుంచి కార్డు వచ్చేది, నాన్న తలస్నానం చేసేవాడు" అంది.

మా అన్నయ్య మాత్రం ఇప్పటికీ గుంటూరు గోరంట్లే అంటాడు. అక్కడికైతే ఆటోలో వెళ్లి రావచ్చట.