లక్నవరం దీవి కాటేజీకి దోస్తులతో వెళ్లే ముందు

వరంగల్ నుంచి లక్నవరం చెరువు సుమారు 75 కిలోమీటర్లు. పెట్రోలు, మందులు, చేతి ఖర్చుకు నగదు ములుగులోనే చూసుకోండి. బుకింగ్ రసీదు, అందరి ఆధార్ కార్డులు దగ్గరుండాలి.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. బకిళ్లన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గదవ దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే, నీళ్లలో పడితే తలమీంచి జారిపోతుంది. ఇంకో జాకెట్ అడగండి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలిదుమారం ఉన్నట్టుండి లేస్తుంది. మబ్బు కమ్మితే పడవ ఎక్కొద్దు.

ఈతకు అసలే దిగొద్దు. చెరువు తగ్గినప్పుడు ఒడ్డున ఎండినట్టు కనిపించే బురద మోకాలిదాకా దిగబడుతుంది.

మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు. పెద్ద ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే విరేచనాలు ఎక్కువవుతాయి.

టార్చి పట్టుకెళ్లండి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లుంటాయి.