అడిగినా జవాబు రావట్లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

సమస్య: ఆన్‌లైన్ ఫోరమ్‌లో సాంకేతిక ప్రశ్న పెట్టి రెండు రోజులైంది, ఎవరూ పలకలేదు.

ఎక్కువసార్లు తప్పు శీర్షికలోనే ఉంటుంది. "అర్జెంట్, ప్లీజ్ హెల్ప్" అని ఉంటే, విషయం తెలిసినవాళ్లకి అది తమకు తెలిసిన విషయమేనని తెలిసే దారి లేదు. ఏ పరికరం, ఏం చేస్తుంటే, ఏమైంది అన్న మూడూ శీర్షికలోనే రాయండి. "నెట్ రావట్లేదు" కాదు. "విండోస్ 11 ల్యాప్‌టాప్: వైఫై కనెక్ట్ అవుతోంది, ఏ సైటూ తెరుచుకోవట్లేదు, అదే వైఫైలో ఫోన్ బాగానే ఉంది". ఆ చివరి ముక్కతో రూటర్ మీదా, బయటి లైన్ మీదా అనుమానం చాలావరకు తీరిపోయింది. "అర్జెంట్" అన్న మాటతో ఏ అనుమానమూ తీరదు.

సమస్య: జవాబులకి బదులు తిరుగు ప్రశ్నలు వస్తున్నాయి. లేదా "నా దగ్గర బాగానే పనిచేస్తోందే" అంటున్నారు.

కారణం, ఎర్రర్‌ని మీ మాటల్లో చెప్పడం. "ఏదో పర్మిషన్ లేదంటోంది" అంటే ఫైల్‌దా, ఫోల్డర్‌దా, డేటాబేస్‌దా? ఎర్రర్‌ని అక్షరం మార్చకుండా, మొత్తం అతికించండి. పైథాన్‌లో అసలు సంగతి చివరి వరుసలో ఉంటుంది. సి కంపైలర్ దగ్గర సాధారణంగా మొదటి ఎర్రరే ముఖ్యం, ఒక్క బ్రాకెట్ మర్చిపోతే దాని కింద ఇరవై ఎర్రర్లు పుట్టుకొస్తాయి. ఏది ముఖ్యమో మీరే తేల్చి మిగతాది కోసేయకండి. ఫోటో కన్నా అక్షరాలు మేలు, వాటిని కాపీ చేసి వెతకొచ్చు. విండోస్‌లో మామూలు ఎర్రర్ పెట్టె ఎదురుగా ఉన్నప్పుడు కంట్రోల్, సి కలిపి నొక్కితే అందులోని మాటలు కాపీ అవుతాయి. ఇది చాలామందికి తెలియదు.

వెర్షన్ దగ్గర "లేటెస్ట్" అని రాయకండి, అంకె రాయండి. కోడ్ అయితే సగం తీసేసి మళ్లీ నడపండి. తప్పు ఇంకా వస్తుంటే మిగిలినదాంట్లో మళ్లీ సగం తీయండి, రాకపోతే తీసిన సగంలో వెతకండి. అన్నీ కలిసొస్తే 400 వరుసలు తొమ్మిది కోతల్లో తేలిపోతాయి. మధ్యలోనే తప్పు మీకే దొరకడం కూడా మామూలే.

సమస్య: జవాబు సరిగ్గానే ఉంది, పని మాత్రం కాలేదు.

మీరు అడిగింది అసలు ఇబ్బంది గురించి కాదు, దానికి మీరు ఊహించుకున్న మందు గురించి. "టైమౌట్‌ని 30 సెకన్ల నుంచి 300కి పెంచడం ఎలా?" అంటే (టైమౌట్ అంటే జవాబు కోసం ప్రోగ్రామ్ ఆగి చూసే గడువు) ఎలాగో చెప్తారు. కానీ రిపోర్ట్ ఆలస్యం కావడానికి కారణం డేటాబేస్ టేబుల్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచిక) లేకపోవడమైతే, ఇప్పుడు ఐదు నిమిషాలు వేచి చూసి అదే ఎర్రర్ చూస్తారు. "ఈ రిపోర్ట్ కావాలి, 30 సెకన్లకి ఆగిపోతోంది, అందుకే టైమౌట్ పెంచాలనుకుంటున్నా" అని రాస్తే సరిపోయేది.

సమస్య: ప్రశ్నలో అతికించిన లాగ్‌తో (ప్రోగ్రామ్ రాసిపెట్టే నమోదులు) పాటు పాస్‌వర్డ్ లేదా ఏపీఐ కీ (ఒక సేవని వాడుకోవడానికి మీ ప్రోగ్రామ్‌కిచ్చే రహస్య కోడ్) కూడా బయటికెళ్లింది. చెరిపేస్తే చాలదు, ఈపాటికి ఎవరో చూసుంటారు. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి.

సమస్య: జవాబిచ్చేది మీరే. ఎన్ని చెప్పినా అవతలివాళ్లు "చేశాను, అవ్వలేదు" అంటున్నారు.

ఒకే జవాబులో ఐదు చిట్కాలు ఇచ్చుంటారు. ఏది చేశారో, దేనికి ఏమైందో ఇద్దరికీ తెలియదు. ఒక్కసారికి ఒక్క పరీక్షే చెప్పండి, ఫలితాన్ని ఎలా చదవాలో కూడా చెప్పండి. పై ల్యాప్‌టాప్‌కైతే: "కమాండ్ ప్రాంప్ట్‌లో ping 8.8.8.8 అని కొట్టండి, గూగుల్ సర్వర్ బదులిస్తుందో లేదో తెలుస్తుంది. బదులొస్తే దారి బాగుంది, చిక్కు డీఎన్ఎస్ (సైటు పేరుని అంకెల చిరునామాగా మార్చే ఏర్పాటు) దగ్గర ఉండొచ్చు. రాకపోతే రూటర్ చిరునామాకి కొట్టి చూడండి." కొన్ని నెట్‌వర్క్‌లు పింగ్‌ని ఆపేస్తాయి, ఆ సంగతీ చెప్పాలి. డేటా పోయే పని ఏదైనా ఉంటే హెచ్చరిక కమాండ్‌కి పైన రాయండి. జనం చదువుతూ చదువుతూనే ఎంటర్ కొట్టేస్తారు.

సమస్య: అదే ఇబ్బంది ఉన్న ఇంకొకరు వెతుక్కుంటూ వస్తే, మీ ప్రశ్న కింద "సాల్వ్ అయింది, థాంక్స్" అని మాత్రమే కనిపిస్తోంది. అక్కడ ఇంకో రెండు ముక్కలు రాయండి: "డీఎన్ఎస్‌లో పాత ఆఫీసు సర్వర్ అంకెలు చేత్తో పెట్టి ఉన్నాయి. ఆటోమేటిక్‌కి మార్చాక సైట్లు తెరుచుకున్నాయి."