నెలకు ఎన్ని కాయితాలు?

జనగామలో రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర పదమూడేళ్లుగా జెరాక్స్ షాపు నడుపుతున్నాను. "అక్కా, ఇంట్ల పెట్టుకోను ఏ ప్రింటర్ మంచిది?" అని వారానికి ఒకరైనా అడుగుతారు. ఏదో కంపెనీ పేరు చెప్తానని ఎదురుచూస్తారు. "నెలకు ఎన్ని కాయితాలు తీస్తరు?" అని నేను తిరిగి అడుగుతాను. చాలామందికి ఆ లెక్క తెలియదు. ఒక నెలపాటు బయట తీయించుకున్న ప్రింట్లన్నీ క్యాలెండర్ మీద రాసుకుని రమ్మంటాను.

ఇరవై దాటకపోతే కొనకండి. నా గిరాకీ కోసం చెప్తున్నాననుకునేరు, సంగతి వేరే ఉంది. ఇంకు ప్రింటర్లో వెంట్రుక కంటే సన్నని రంధ్రాల్లోంచి ఇంకు రావాలి. ఎండాకాలం సెలవులకు ఊరెళ్లి నెల తర్వాత వస్తే అది ఆ రంధ్రాల్లోనే ఎండిపోతుంది. ఆ రంధ్రాలున్న భాగమే హెడ్డు, హెడ్ జామ్ అయిందంటారు దీన్నే. క్లీనింగ్ నొక్కితే ఒక్కోసారి బాగవుతుంది గానీ, క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ ఇంకు ఖర్చే. అలా కారిన ఇంకంతా లోపల ఒక స్పాంజిలోకి పోతుంది. అది నిండితే మిషన్ ఆగిపోతుంది. ఆ స్పాంజి డబ్బా మనమే మార్చుకోవచ్చా, సర్వీసు సెంటర్‌కు మోయాలా అన్నది కొనేముందే అడగండి.

లేజర్ ప్రింటర్‌కు ఈ బాధ లేదు. టోనర్ అంటే సన్నటి ప్లాస్టిక్ పొడి, లోపలి వేడి రోలర్ దాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది. పొడికి ఎండిపోయే గొడవ లేదు కాబట్టి ఆర్నెల్లు మూలన పడి ఉన్నా స్విచ్ వేస్తే మొదటి కాగితం మీదే అక్షరం చెక్కినట్టు వస్తుంది. హాల్ టికెట్ వానలో తడిసినా కారదు. అప్పుడప్పుడు మాత్రమే, అదీ నల్ల అక్షరాలే కావాలనుకునేవాళ్లకు బ్లాక్ అండ్ వైట్ లేజర్ చాలు. వారం వారం పిల్లల ప్రాజెక్టులకు రంగు బొమ్మలు కావాలంటే సీసాతో ఇంకు పోసుకునే ఇంకు ట్యాంకుది తీసుకోండి. వారానికొక రంగు పేజీ తప్పకుండా తీయాలి. ఆపేటప్పుడు ప్రింటర్ మీదున్న బటన్‌తోనే ఆపండి. అప్పుడే హెడ్డు తన మూత కిందికి పోయి కూర్చుంటుంది. ప్రింట్ వస్తుండగా గోడ స్విచ్ ఆపేస్తే అది మూత లేకుండా మధ్యలోనే నిలిచిపోయి ఎండుతుంది.

చిన్న ఇంకు డబ్బీల, అంటే కార్ట్రిడ్జ్‌ల ప్రింటర్ జోలికి మాత్రం పోవద్దు. నేను మొదట కొన్నది అదే, చవకగా వచ్చిందని. రెండుసార్లు కార్ట్రిడ్జ్‌లు మార్చేసరికి ఇంచుమించు ప్రింటర్ ధర అయిపోయింది. లెక్క ఇలా వేయండి: 900 రూపాయల కార్ట్రిడ్జ్ 180 పేజీలు ఇస్తే పేజీకి 5 రూపాయలు. 400 రూపాయల ఇంకు సీసా 4,500 పేజీలు ఇస్తే పేజీకి 9 పైసలు. 1,600 రూపాయల టోనర్ 2,000 పేజీలు ఇస్తే 80 పైసలు. డబ్బా మీది పేజీల లెక్క పల్చటి అక్షరాల కాగితానికి వేసింది. పేజీ నిండా చార్మినార్ బొమ్మ తీస్తే ఆ లెక్క నిలవదు. కొత్త లేజర్‌తో పాటు వచ్చే టోనర్ కూడా చాలా మోడళ్లలో సగమే నింపి ఉంటుంది. కొన్నిట్లో టోనర్ పొడిని కాగితం మీదికి దించే డ్రమ్ము వేరుగా ఉంటుంది, దాని ధర కూడా అడగండి. చిప్ ఉన్న టోనర్ కార్ట్రిడ్జ్ అయితే బయట రీఫిల్ చేయించింది ప్రింటర్ తీసుకుంటుందో లేదో కనుక్కోండి. 12ఏ అనే నంబరు టోనర్ వేసే పాత ప్రింటర్లు జిరాక్స్ షాపుల్లో అన్నేళ్లు బతికాయంటే ఆ రీఫిల్ వల్లే.

ఇక స్కానర్. మా దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇంటి ప్రింటర్ల మీద ఉండే అద్దం చాలావరకు ఏ4 సైజే, 297 మిల్లీమీటర్ల పొడవు. భూమి దస్తావేజులు లీగల్ సైజు, 356 మిల్లీమీటర్లు. కింద సాక్షుల సంతకాలు తెగిపోతాయి. ఒక లాయర్ గారి గుమస్తా ప్రింటు, స్కాను, జెరాక్స్ ఒక్కదాంట్లోనే ఉండే కొత్త ఆల్ ఇన్ వన్ కొన్న మర్నాడే లింకు డాక్యుమెంట్లు, అంటే అదే భూమి పాత దస్తావేజులు, పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "మేడం, సార్‌కు చెప్పకండి" అన్నాడు. చెప్పలేదు. ఆఫీసుకు కొంటే పైన కాగితాలు పెట్టే ఏడీఎఫ్ ఉన్నది, అది లీగల్ సైజు లాగేది చూసుకోండి. అయితే పాత దస్తావేజులను ఏడీఎఫ్‌లో పెట్టకండి, మడతల దగ్గర చిరుగుతాయి. వాటికి లీగల్ అద్దం ఉన్న మిషనే కావాలి. రెండు వైపులా దానంతటదే కొట్టే డూప్లెక్స్ కూడా ఆఫీసుకు తప్పనిసరి, రిమ్ములు సగానికి తగ్గుతాయి.

లేజర్‌ను ఇన్వర్టర్‌కో, కంప్యూటర్ యూపీఎస్‌కో తగిలించకండి. రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, యూపీఎస్ కీచుమని అరిచి ఆగిపోతుంది. ఇంకు ప్రింటర్ ఫోటో పేపర్‌ను లేజర్‌లో పెట్టకండి. మా తమ్ముడు ఒకసారి పెట్టాడు. పైపూత కరిగి రోలర్‌కు చుట్టుకుంది, ఆ రోలర్ మార్పించాల్సి వచ్చింది.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా, ఊళ్లోనే కొన్నా, లేజర్ అయితే అక్కడే డబ్బా విప్పించి మీ ఫోన్ నుంచి ఒక పేజీ తీసి చూడండి. చాలా ఇంటి ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే కలుస్తాయి. ఇంట్లో రౌటర్ కొత్తదైతే అందులో ఆ 2.4 ఆన్ చేసి ఉందో లేదో ముందే కనుక్కోండి. వారంటీ ఏడాది అన్నా, కొన్నిటికి పేజీల పరిమితి కూడా ఉంటుంది, ఏది ముందైతే అది.

ట్యాంకు ప్రింటర్ అయితే సీసాలు ఇంటికెళ్లాకే పోసుకోండి. పోశాక దాన్ని పక్కకు పడుకోబెట్టకూడదు. మొన్న ఒకాయన రిపేరుకని ఆటో వెనక సీటు మీద అడ్డంగా పడేసి తెచ్చాడు. ఆటో సీటు నాలుగు రంగులైంది, డ్రైవర్ కొత్త కవర్ డబ్బులు వసూలు చేసేదాకా మా షాపు ముందు నుంచి కదల్లేదు.