క్లోన్ సరిగ్గానే ఉన్నా జన్యువు పలకకపోతే

జన్యువును కణాల్లోకి మోసుకెళ్లే డీఎన్‌ఏ వలయమైన ప్లాస్మిడ్ సీక్వెన్స్‌లో ఒక్క అక్షరం తేడా లేదు. క్షీరద కణాల్లో జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) మొదట చక్కగా వెలిగింది. కొన్ని వారాలకు, జన్యువు క్రోమోజోములో స్థిరపడిన కణాల్లోనే వెలుగు తగ్గిపోయింది. ఇలాంటప్పుడు దయచేసి క్లోనింగ్ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టకండి. ముందు హిస్టోన్లను, అంటే డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లను, అనుమానించండి.

క్రోమోజోములో డీఎన్‌ఏ ఒంటరిగా ఉండదు. ఎనిమిది హిస్టోన్ల ముద్ద చుట్టూ సుమారు 147 బేస్ జతల చొప్పున చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్ తోకల్లోని లైసిన్ అనే అమైనో ఆమ్లాలది ధనావేశం, డీఎన్‌ఏది రుణావేశం, అందుకే ఆ పట్టు. లైసిన్‌కు ఎసిటైల్ సమూహం చేరితే ఆవేశం పోయి పట్టు సడలుతుంది. డీఎసిటైలేజ్ ఎంజైములు దాన్ని తొలగిస్తే మళ్లీ బిగుస్తుంది, జన్యువు మూగబోతుంది. జన్యువును నడిపే స్విచ్చు లాంటి ప్రమోటర్లలో, వైరస్ నుంచి తీసుకున్న సీఎంవీకి ఈ బెడద బాగా తెలిసినదే.

పరీక్ష సులువు. కణాలను రెండు భాగాలు చేసి, ఒకదానికి డీఎసిటైలేజులను అడ్డుకునే సోడియం బ్యూటిరేట్‌ను 5 మిల్లీమోలార్ మోతాదులో 24 గంటలు ఇవ్వండి. జన్యువు చేర్చని కణాలకూ అదే మోతాదు ఇచ్చి పక్కన పెట్టుకోండి, ఇది మాత్రం మానవద్దు. చేర్చిన కణాల్లో మాత్రమే వెలుగు తిరిగి వస్తే జన్యువు అక్కడే ఉన్నట్టు. రాకపోతే జీనోమిక్ డీఎన్‌ఏతో పీసీఆర్ చేసి జన్యువు ఉందో లేదో చూడండి. ఉంటే డీఎన్‌ఏ మిథైలేషన్ (డీఎన్‌ఏకే మిథైల్ సమూహాలు చేరి జన్యువు మూగబోవడం) వైపు వెళ్లండి.

బ్యూటిరేట్ ఇతర జన్యువులనూ కదిలిస్తుంది, కణ విభజనను నెమ్మదింపజేస్తుంది. కాబట్టి దాన్ని కారణం తెలుసుకోవడానికే వాడండి. శాశ్వతంగా కావాలంటే ఈఎఫ్1 ఆల్ఫా ప్రమోటర్‌కు మారడం, లేదా మానవ కణాలైతే జన్యువు మూగబోయే అవకాశం తక్కువగా ఉండే ఏఏవీఎస్1 అనే క్రోమోజోము స్థానంలో జన్యువును చేర్చడం మేలు.