టెక్సాస్‌లో మెడ, నడుము దెబ్బల కేసు: జ్యూరీ ఏం చూస్తుంది, చేతికి ఎంత వస్తుంది

డాలస్, హ్యూస్టన్ హైవేల పక్కన లాయర్ల బోర్డుల మీద కనిపించే మిలియన్ల అంకెలు చూసి మన కేసూ అంతే అనుకోకండి. వెనక నుంచి ఎవరో గుద్ది మెడ పట్టేసిన కేసులో జ్యూరీ ఆసుపత్రి ఖర్చు మాత్రం రాసి, నొప్పికి సున్నా వేయడం కొత్తేమీ కాదు. అలాంటి కేసు చాలావరకు కోర్టు గదిలో పోదు. మొదటి రెండు మూడు వారాల్లో డాక్టరు దగ్గర పడాల్సిన రాతలు పడకపోవడం వల్ల పోతుంది.

ప్రమాదం జరిగిన చోట మర్యాద కోసం "అయామ్ ఓకే" అనేస్తాం. పోలీసు రిపోర్టులో గాయాలు లేవని పడిపోతుంది. మెడ నొప్పి మర్నాడు నిద్ర లేచాక బయటపడటం మామూలే కాబట్టి "ఇప్పుడే చెప్పలేను" అనండి, అది నిజం కూడా. ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించుకోండి. మూడు వారాలు మాత్రలతో సరిపెట్టి ఆ తర్వాత వెళ్తే, అవతలి లాయరు జ్యూరీకి ముందు చూపించేది ఆ ఖాళీనే. అవతలి ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్ చేసి మాటలు రికార్డు చేస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు. మీ సొంత కంపెనీకి మాత్రం వెంటనే తెలియజేయాలి.

డాక్టరు దగ్గర "మెడ నొప్పి" అని ఊరుకోవద్దు. తల ఎడమవైపు తిప్పలేకపోతున్నాను, తిమ్మిరి బొటనవేలి దాకా దిగుతోంది, 20 పౌండ్ల సోనామసూరి బస్తా ఎత్తలేకపోతున్నాను, ఇలా చెప్పండి. బొటనవేలి తిమ్మిరి సాధారణంగా మెడ నుంచి చేతికి దిగే సీ6 అనే నరాన్ని సూచిస్తుంది. స్కాన్‌లో మెడ ఎముకల మధ్య మెత్తలా ఉండే సీ5-సీ6 డిస్క్ ఆ నరాన్నే నొక్కుతున్నట్టు కనిపిస్తే రెండూ ఒకదానికొకటి సాక్ష్యం. అమ్మానాన్నలకు దెబ్బ తగిలితే మీరే ముక్తసరిగా తర్జుమా చేయకండి. ఆసుపత్రిలో అడిగితే ఫోన్ మీద తెలుగు దుబాసీని ఉచితంగా ఇస్తారు.

అసలు పోరాటం ఎంఆర్‌ఐ మీదే. నొప్పి అసలే లేనివాళ్లలో కూడా డిస్క్ ఉబ్బు, అరుగుదల కనిపిస్తాయి. "ఇది వయసుతో వచ్చింది, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు మామూలే" అని అవతలి డాక్టరు సాక్ష్యం చెబుతాడు. పాత నొప్పి ముదిరితే, ముదిరిన మేరకు పరిహారం ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. దాచితే మాత్రం జ్యూరీ ఇక దేన్నీ నమ్మదు. హైదరాబాద్‌లో ఎప్పుడో నడుముకు ఫిజియోథెరపీ చేయించుకున్నా సరే, ముందే చెప్పేయండి.

జిల్లా కోర్టులో 12 మంది జ్యూరర్లు, అందులో 10 మంది ఒప్పుకుంటే చాలు. ఆరుగురి జ్యూరీ అయితే ఐదుగురు. వాళ్లకు ఇచ్చే కాగితంలో వైద్యం, నొప్పి, పోయిన సంపాదన, తగ్గిన శరీర సామర్థ్యం ఇలా వేర్వేరు గళ్లు, గడిచిన కాలానికి ఒకటి, రాబోయే కాలానికి ఒకటి. వైద్యం కింద ఆసుపత్రి వేసిన 24,000 డాలర్ల బిల్లు కాదు, మీ హెల్త్ ఇన్సూరెన్స్ తగ్గించి తేల్చిన 6,500 మాత్రమే లెక్క. 2011లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ విషయం ఖాయం చేసింది. సీటు బెల్టు పెట్టుకోలేదన్న సంగతీ 2015 నుంచి జ్యూరీ ముందుకు రావచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. జ్యూరీ 60,000 రాసి, మీ తప్పు 20 శాతం అంటే 48,000. మీ తప్పు 50 శాతం దాటితే ఏమీ రాదు. అవతలివాడిది చట్టం అడిగే కనీస పాలసీ అయితే, ఒక మనిషికి 30,000 దగ్గర ఆగిపోతుంది. మిగతాది అతని జీతం నుంచో ఇంటి మీదో రాబట్టడం టెక్సాస్‌లో దాదాపు అసాధ్యం. దావా వేశాక లాయరు వాటా 40 శాతం దాకా ఉంటుంది. డాక్టరు సాక్ష్యానికి వేలల్లో ఖర్చు. హెల్త్ ఇన్సూరెన్స్ తను కట్టింది వెనక్కి అడుగుతుంది.

అందుకే కారు కొన్న రోజే ప్రీమియం తగ్గుతుందని రెండు సంతకాలు పెట్టకండి. ఒకటి, అవతలివాడి ఇన్సూరెన్స్ చాలనప్పుడు మీ కంపెనీ ఇచ్చే కవరేజీ వద్దనే సంతకం. పై లెక్కలో ఆ తక్కువపడ్డ 18,000 ఇచ్చేది అదే. రెండోది పీఐపీ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్, మీ కారు పాలసీ నుంచే గాయాల ఖర్చు ఇచ్చే కవరేజీ) వద్దనే సంతకం. పీఐపీ కనీసం 2,500 డాలర్లు, తప్పు ఎవరిదైనా వస్తుంది, విజిటర్ వీసా మీద వచ్చి మీ కారులో కూర్చున్న అమ్మానాన్నలకూ వర్తిస్తుంది.

దావాకు గడువు రెండేళ్లు. క్లెయిమ్ మాటలు నడుస్తున్నంత మాత్రాన అది ఆగదు. హెచ్-1బీ మీద ఉన్నా దావా వేసే హక్కు ఉంది. ఒక కేసులో డ్రైవరు ఇమ్మిగ్రేషన్ స్థితిని అవతలి పక్షం జ్యూరీ ముందు ఎత్తిందన్న కారణంతో, అంతకుముందు వచ్చిన తీర్పునే 2010లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. అయితే జ్యూరీలో కూర్చునే హక్కు పౌరులకే. డ్రైవింగ్ లైసెన్స్ జాబితా నుంచి మీకూ జ్యూరీ పిలుపు రావచ్చు. దాన్ని పారేయకుండా, పౌరుణ్ణి కాదన్న గడిలో టిక్ పెట్టి సంతకం చేసి తిరిగి పంపండి.