ఏడు సీట్ల బండి కొనే ముందు మూడో వరుసలో కూర్చోండి

ఉగాది నాటికి బండి ఇంటి ముందు ఉండాలి, పిల్లల పరీక్షలు అయిపోగానే అందరూ కలిసి తిరుమల వెళ్లాలి. విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఏడు సీట్ల బండి మాట చాలావరకు ఇలాగే మొదలవుతుంది. ముహూర్తం ముందు కుదురుతుంది, బండి తరువాత. ఆ తొందరలో ఇంటి పెద్ద షోరూముకు వెళ్లి, స్టీరింగు ముందు కూర్చుని, పెద్ద తెర నొక్కి చూసి, పైకప్పు అద్దం తెరిపించి అడ్వాన్సు ఇచ్చేస్తారు. మూడో వరుసలో ఎవరూ కూర్చుని చూడరు.

మా ఇంట్లోనూ అదే జరిగింది. మొదటి ప్రయాణంలో అమ్మను వెనక కూర్చోబెట్టాం. ఒంగోలు దాటాక టీకి ఆపితే ఆవిడ దిగలేకపోయారు. అంతసేపూ మోకాళ్లు గుండెల దాకా ముడుచుకుని కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. "పిల్లలు సరదాగా ఉన్నారు కదా, మధ్యలో ఆపించడం ఎందుకని" అన్నారు. అప్పటి నుంచి ఎవరు బండి కొంటున్నామన్నా నేను ముందు చెప్పేది ఒకటే. వెనక కూర్చోబోయేవాళ్లను షోరూముకు తీసుకెళ్లండి. అమ్మమ్మను, మోకాళ్ల నొప్పులున్న పెదనాన్నను, చీర కట్టుకునే అత్తగారిని వెంట తీసుకెళ్లి, వాళ్ల చేతే ఎక్కించి దింపించి చూడండి.

చాలా బళ్లలో మూడో వరుసలో నేల ఎత్తుగా, సీటు కిందికి ఉంటుంది. కూర్చున్నాక తొడకూ సీటుకూ మధ్య అరచెయ్యి దూరిపోతే, ఆ సీటు పెద్దవాళ్లకు పనికిరాదని అర్థం. నడుం మీద పడే బరువంతా గంటలో నొప్పిగా మారుతుంది. రెండో వరుస సీటును ముందుకూ వెనక్కూ జరిపే బండి అయితే, అమ్మేవాళ్లు దాన్ని పూర్తిగా ముందుకు తోసి వెనక ఎంత జాగా ఉందో చూపిస్తారు. ఒప్పుకోకండి. మీ ఇంట్లో పొడవాటి మనిషిని ముందు, ఆయన వెనక ఇంకొకరిని, ఆ వెనక మరొకరిని, ఒకే వైపున ముగ్గురినీ కూర్చోబెట్టి అప్పుడు చూడండి.

టెస్ట్ డ్రైవు పొద్దున్నే వద్దు. మన ఎండలకు మధ్యాహ్నం రెండు గంటలకు, ఏడుగురితో, అరగంట తిప్పండి. ఏసీ గాలి మూడో వరుసకు వేరే గొట్టాల ద్వారా వస్తోందా, లేక రెండో వరుస దాటి వచ్చేదే దిక్కా అన్నది అప్పుడే తెలుస్తుంది. వెనక కిటికీలు తెరుచుకోవు. రోహిణీ కార్తెలో చంటిపిల్లతో ఆ మూల కూర్చున్నవాళ్ల అవస్థ ముందు కూర్చున్నవాళ్లకు తెలియదు.

ఇంకో సంగతి ఉంది. షోరూములో దీన్ని అడిగినవాళ్లను నేను చూడలేదు. మూడో వరుసలో ఉన్నవాళ్లు బయటికి ఎలా రావాలి? వెనక తలుపును లోపలి నుంచి తీసే వీలు చాలా బళ్లలో ఉండదు. రెండో వరుస సీటు మడిస్తేనే దారి. ఆ సీటుకు పసిబిడ్డ కుర్చీ బిగించి ఉంటే అది మడవదు, దారి మూసుకుపోయినట్టే. అందుకే ఏ వైపు సీటు మడుస్తుందో చూసుకుని, బిడ్డ కుర్చీని రెండో వైపు పెట్టాలి. రెండో వరుసలో విడివిడి సీట్లున్న బండి అయితే మధ్య నుంచి నడిచి రావచ్చు, పెద్దవాళ్లకూ సులువు. ఒక మనిషి చోటు తగ్గుతుంది, నిజమే. అయినా ఇంట్లో ముసలివాళ్లూ పసివాళ్లూ ఇద్దరూ ఉంటే నా ఓటు దానికే.

భద్రతకు నక్షత్రాలు చూడటం మంచి అలవాటే. కార్లను ఢీకొట్టించి చూసి నక్షత్రాలిచ్చే మన దేశపు పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, 2023 అక్టోబర్ 1న మొదలైంది, అదే ఏడాది డిసెంబరులో టాటా సఫారీకి ఐదు నక్షత్రాలు వచ్చాయి. కానీ ఢీకొట్టే పరీక్షలో బొమ్మలను ముందు సీట్లలో, రెండో వరుసలో కూర్చోబెడతారు, మూడో వరుసలో కాదు. కాబట్టి వెనక సీట్లను మీరే పరీక్షించుకోవాలి. భుజం మీదుగా వచ్చే బెల్టు రెండు సీట్లకూ ఉందా? తల వెనక దిండు పైకి లేచి తల దాకా వస్తుందా? పక్క కిటికీల మీద తెరలా విచ్చుకునే ఎయిర్‌బ్యాగు మూడో వరుస దాకా వస్తుందా, రెండోదానితో ఆగిపోతుందా? పాత బొలెరో తరహాలో ఎదురెదురుగా, పక్కకు తిరిగి కూర్చునే సీట్లున్న బళ్లలో వెనక పిల్లలను ఎక్కించనే ఎక్కించకండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల కుర్చీ గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది.

సామాను దగ్గర చాలామంది దెబ్బతింటారు. సీట్లన్నీ లేపి ఉంచితే రెనో ట్రైబర్ డిక్కీ 84 లీటర్లు, మారుతి ఎర్టిగాది 209 లీటర్లు. అంటే ఏడుగురు కూర్చున్నాక ఒకదాంట్లో రెండు మూడు చేతిసంచులు, రెండోదాంట్లో మహా అయితే రెండు చిన్న సూట్‌కేసులు. పెళ్లికి వెళ్లి వచ్చేటప్పుడు సారె బిందె, ఊరి నుంచి వచ్చేటప్పుడు బియ్యం బస్తా, ఆవకాయ జాడీ ఎక్కడ పెడతారు? మూడో వరుస వెనక, పిల్లల తలల ఎత్తున పేరుస్తారు. హైవే మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆ బిందె ముందుకు ఎగిరి వస్తుంది. బరువున్నవి అడుగున పెట్టండి, ఏదీ సీటు వీపు కన్నా ఎత్తుగా ఉండకూడదు. మనిషికి 65 కిలోల చొప్పున వేసుకున్నా ఏడుగురు 455 కిలోలు. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన నిండు బండి మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువునూ ఈ మనుషుల బరువునూ తీసేసి, పైన కారియరు మీదకు ఎంత మిగులుతుందో చూసుకోండి.

వీధి కూడా కొలవండి. ఎర్టిగా వెడల్పు 1,735 మిల్లీమీటర్లు, స్కార్పియో-ఎన్ 1,917, సఫారీ 1,922, ఇవన్నీ పక్క అద్దాలు కాకుండా. విజయవాడ వన్‌టౌన్ సందుల్లోనూ గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలోనూ ఆ జానెడు తేడాకే ఎదుటి బండికి దారి ఇవ్వలేక వెనక్కి నడపాల్సి వస్తుంది.

ఇక పాత బండి కొనేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధులు మునిగినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడిపోయాయి. వాటిలో కొన్ని శుభ్రంగా తుడుచుకుని మళ్లీ అమ్మకానికి వస్తున్నాయి. మా తోడల్లుడు చూసుకున్న తెల్లటి ఏడు సీట్ల బండిని ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రీకి చూపించాం. ఆయన ఇంజిను జోలికి పోలేదు. తిన్నగా మూడో వరుసలోకి ఎక్కి, సీటు బెల్టును చివరిదాకా లాగారు. చివరి రెండు జానల మేర బెల్టు మీద లేత మట్టిరంగు గీత ఉంది. తరువాత జాకీ పెట్టే గూటి మూత తీసి, మూల్లో వేలు పెట్టి తిప్పి చూపించారు. ఎండిన ఒండ్రు, పిండిలా వేలికి అంటుకుంది. "ముందంతా కడుగుతారండీ, ఇక్కడికి ఎవరూ రారు" అన్నారు. బేరం అక్కడితో ఆగిపోయింది.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉందా, కార్పెట్ ఎత్తితే ముక్కిపోయిన వాసన వస్తోందా చూడండి. తడిసిన బండిలో అసలు ప్రమాదం వైర్ల అతుకుల్లో ఉంటుంది. ఏడాది తరువాత ఒక రోజు ఎయిర్‌బ్యాగు దీపం వెలుగుతుంది, ఆ తరువాత అది పనిచేస్తుందన్న నమ్మకం ఉండదు. బీమా కాగితం కూడా అడగండి. క్లెయిము చేయని బండికి నో క్లెయిమ్ బోనసు, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఏటా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. 2021లో కొని ఒకే యజమాని దగ్గర ఉన్న బండికి 2025 పాలసీలో 45 శాతం ఉండాలి. సున్నా ఉంటే అంతకుముందు ఏడాది ఏం క్లెయిము చేశారో సమాధానం రావాలి. యజమాని మారినా బోనసు పోతుంది, కాబట్టి ఆర్.సి.లో ఎన్నో యజమానో కూడా చూడండి.

కొత్తదైనా పాతదైనా, వానలకు ముందే బీమాలో ఇంజిను రక్షణ విడిగా చేర్చుకోండి. జీరో డెప్ (విడిభాగాల తరుగు కోయకుండా ఇచ్చే బీమా) ఒక్కటే ఉంటే, ఇంజినులోకి నీరు పోయి బిగుసుకుపోయిన నష్టాన్ని సాధారణంగా ఇవ్వరు. రైల్వే వంతెన కింద నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకండి, తోయించి బయటికి తీయించండి.

ధర విషయంలో రెండు ముక్కలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లు దాటిన పెట్రోలు, డీజిలు బళ్ల మీద సెస్సు పోయి జీఎస్టీ 40 శాతం అయింది. చిన్న ఇంజినుతో నాలుగు మీటర్ల లోపు ఉన్నవాటికి 18 శాతం. పది లక్షలు దాటిన బండికి షోరూమువాళ్లు వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టే పన్ను) మీ ఆదాయపు పన్ను లెక్కలో జమ అవుతుంది, రిటర్నులో చూపించడం మరవకండి.

ముహూర్తం రోజున కొబ్బరికాయ కొట్టే హడావుడిలో బండిని పరీక్షించలేరు. రిజిస్ట్రేషన్‌కు ముందే, పగటి వెలుగులో, యార్డులోనే చూసుకోండి. తయారైన నెల, రంగులో తేడా, మూడో వరుస ఏసీ, ప్రతి సీటు బెల్టూ చూడండి. టైరు మీద చివరి నాలుగు అంకెలు 3525 అని ఉంటే అది 2025లో 35వ వారం తయారీ.

మొదటి దూరప్రయాణానికి ముందు రోజు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగా గాలి కొట్టించండి. డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీలో సాధారణంగా రెండు లెక్కలు ఉంటాయి, ఒకటి ఇద్దరు ముగ్గురికి, ఇంకొకటి నిండు బరువుకు. ఏడుగురితో వెళ్తుంటే రెండోదే పట్టించాలి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచకుండా తక్కువ గేరులో దిగండి. ఈ రకం పెద్ద బళ్లలో చాలావాటికి స్టెప్నీ డిక్కీలో ఉండదు, బండి అడుగున తీగకు వేలాడుతుంది. దాన్ని దింపే కడ్డీని వెనక బంపరు దగ్గర ఉన్న రంధ్రంలోంచి దూర్చి తిప్పాలి. చీకట్లో, సామాను కింద ఆ కడ్డీ కోసం వెతుక్కునే పని లేకుండా, ఇంటి ముందే ఒకసారి స్టెప్నీని దింపి, గాలి చూసి, మళ్లీ ఎక్కించండి. ఆ కడ్డీని, జాకీని అన్ని సంచుల కన్నా పైన పెట్టండి.